కంప్యూటరులో మాయ కంప్యూటరు

1956లో మాల్కం మెక్లీన్ అనే అమెరికా వ్యాపారి ఒక ఓడమీద 58 పెద్ద పెట్టెలను నెవార్కునుంచి హూస్టనుకు పంపించాడు. అంతవరకూ రేవుల్లో కూలీలు ఒక్కొక్క మూటనే ఎక్కించి దించేవారు. ఇప్పుడు పెట్టెకు పెట్టే ఓడ ఎక్కింది. ఆ పెట్టెలనే కంటైనర్లన్నారు.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా కంటైనర్లున్నాయి. ప్రోగ్రామునూ, దానికి కావలసిన ఫైళ్ళనూ ఒకచోట కట్టిపెడతారు. 2013లో వచ్చిన డాకరు అనే సాధనం ఈ పనిని ఎంతో సులభం చేసింది.

మరి లినక్సు కోసం కట్టిన పెట్టెను మీ ఇంటి విండోసు కంప్యూటరులో తెరిస్తే? దానంతటది నడవదు! పెట్టెలో అన్నీ ఉంటాయి గాని, కెర్నెలు ఉండదు.

ఏ ప్రోగ్రామూ డిస్కును తనంతట తాను ముట్టుకోలేదు. ఏం కావాలన్నా కెర్నెలునే అడగాలి. అడగడం మాటలతో కాదు, అంకెలతో. మామూలు 64 బిట్ల ఇంటెలు కంప్యూటరులో లినక్సుకు 0 అంటే “చదివిపెట్టు”, 1 అంటే “రాసిపెట్టు”. విండోసు అంకెలు వేరు. తెలుగు తప్ప మరో భాష రానివాడు కాశీలో దారి అడిగినట్టే!

2016లో మైక్రోసాఫ్టువారు విండోసులో ఒక దుబాసీని పెట్టారు. లినక్సు కోరికను విని, విండోసుకు అర్థమయేలా మార్చి చెప్పడం వాడి పని. చాలా ప్రోగ్రాములు నడిచాయి కూడా. కాని కంటైనర్ల కోరికలు మామూలువి కావు. “నాకు వేరే గది కావాలి. పక్కవాళ్ళు నాకు కనపడకూడదు. మెమరీలో నా వాటా ఇంత అని తేల్చాలి,” అంటాయి. పాపం, దుబాసీకి ఆ మాటలు రావు!

2019లో వారు మరో ఉపాయం ప్రకటించారు. దుబాసీకి బదులు అసలు లినక్సు కెర్నెలునే తెచ్చి, విండోసు పక్కన ఒక మాయ కంప్యూటరులో కూర్చోబెట్టారు. ఈ మాయ కంప్యూటరుకు వేరే పెట్టె, వైర్లు ఏమీ ఉండవు; ప్రోగ్రామే కంప్యూటరులా నటిస్తుంది. అందులోని కెర్నెలు మాత్రం తనకొక సొంత యంత్రం ఉన్నట్టే పనిచేస్తుంది. కంటైనరు తన భాషలో అడుగుతుంది, తన భాషలోనే జవాబు పొందుతుంది. ఆపిలువారి మాకు కంప్యూటర్లలో డాకరు నడిచేదీ ఇలాంటి మాయ కంప్యూటరులోనే.

మాయ అయినా ఊరికే రాదు. దాని మెమరీ మీ కంప్యూటరు మెమరీలోంచే పోవాలి. పైగా విండోసు వైపున్న ఫైలును లినక్సు వైపునుంచి చదవాలంటే మధ్య గోడ దాటాలి. ఫైళ్ళు వేలకొద్దీ ఉంటే చాలా ఆలస్యమవుతుంది. అందుకే తెలిసినవాళ్ళు కంటైనరుకు కావలసిన ఫైళ్ళను మొదటినుంచీ లినక్సు వైపే దాచుకుంటారు.