తెల్ల కోను స్పీకరు

ఆర్మూర్ వైపు పెళ్లి బరాత్ కదిలిందంటే ముందు డీజే బండి ఉండాల్సిందే. ఆ పెద్ద బాక్సుల్లో డప్పు దెబ్బ పడితే గుండెల్లో తగులుతుంది. అదే పాటను ఎవరో ఒక చిన్న గదిలో రెండు చిన్న స్పీకర్ల ముందు కూర్చుని మిక్స్ చేసి ఉంటారు. అక్కడ చక్కగా కుదిరిన బేస్ బండి మీదికి రాగానే ముద్దగా ఎందుకైపోతుంది? గదిలో వాళ్ల చెవికి అందింది అసలు బేస్ కాదు కాబట్టి.

అసలు బేస్ వినిపించడంలో యమహా ఎన్ఎస్-10కి ప్రత్యేకమైన కథ ఉంది. 1978లో జపాన్‌లో ఇంట్లో పాటలు వినడానికి చేసిన స్పీకరు ఇది. నల్ల పెట్టెకు తెల్ల కాగితపు కోను. ఇళ్లలో పెద్దగా మెప్పు పొందలేదు. బేస్ తక్కువ, మధ్య స్వరాలు కటువు. రికార్డింగ్ ఇంజినీర్లు మాత్రం దీన్ని మిక్సింగ్ బల్లల మీదికి ఎక్కించారు. కొన్నేళ్లలో ఇది లేని స్టూడియో అరుదైపోయింది.

బేస్ తక్కువున్న స్పీకరుతో బేస్ తూకం ఎలా కుదురుతుంది? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. స్పీకరు పెట్టెకు రంధ్రం పెట్టి, కోను వెనకవైపు శబ్దాన్ని కూడా బేస్‌గా బయటికి రప్పించే పద్ధతికి బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంట్ పొందాడు. చిన్న పెట్టెలోంచి పెద్ద బేస్ వస్తుంది, కానీ దెబ్బ ఆగినా పెట్టెలో గాలి కాసేపు ఊగుతూనే ఉంటుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ పెట్టెను పూర్తిగా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. ఎన్ఎస్-10 కూడా మూసిన పెట్టే. 2001లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్‌లో ఫిలిప్ న్యూవెల్, కీత్ హాలండ్ బృందం 38 స్టూడియో స్పీకర్లను (మానిటర్లను) కొలిచి చూస్తే, శబ్దం ఆగగానే తానూ ఆగడంలో ఇది ముందు వరుసలో నిలిచింది. నా లెక్కలో అసలు కీలకం ఇదే: బేస్ ఎంత వచ్చిందన్నది తర్వాత, ఎంత త్వరగా ఆగిందన్నది ముందు. డప్పు మీద చిర్రతో కొట్టిన దెబ్బకూ దాని వెనకే పడే సిటికెన పుల్ల దెబ్బకూ మధ్య ఖాళీ వినబడకపోతే డప్పు తూకం చూడలేం.

కోనుకు కావలసిన కాగితపు గుజ్జు దొరకక 2001లోనే ఎన్ఎస్-10 తయారీ ఆగింది. 2008లో దీనికి టెక్నికల్ గ్రామీ దక్కింది.

కానీ ఎంత మంచి స్పీకరైనా సగం పనే చేస్తుంది. మిగతా సగం గది చేతిలో ఉంది. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ అల నిలబడిపోతుంది. గోడల దగ్గర అది ఉబ్బుతుంది, సరిగ్గా నడుమ మాయమవుతుంది. నడుమ కూర్చున్నవాడు బేస్ చాల్లేదని పెంచుతాడు, బండి మీద అది రెట్టింపై దంచుతుంది. పెంకుటింట్లో పైకప్పులోంచి కొంత బేస్ బయటికి పోతుంది. స్లాబ్ ఇంట్లో కాంక్రీటు దాన్ని గదిలోకే తిప్పికొడుతుంది.

గోడలకు అంటించే అంగుళం ఫోమ్‌తో ఈ బేస్ అణగదు. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఖాళీ గోదాములో అరుపు మోగి, పసుపు బస్తాలు నిండాక అణిగినట్టు, బేస్ అణగాలన్నా మందమే కావాలి. మూలల్లో నేల నుంచి కప్పు దాకా గ్లాస్‌వూల్, రాక్‌వూల్ దిమ్మెలు మందంగా పేర్చాలి. స్పీకరు వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే సుమారు 86 హెర్ట్జ్ దగ్గర శబ్దం తగ్గి గొయ్యి పడుతుంది. గోడకు దగ్గరగా జరిపితే ఆ గొయ్యి పై స్వరాలకు వెళ్తుంది, అక్కడ ఫోమ్ పనిచేస్తుంది. అప్పుడు పెరిగే బేస్‌ను చాలా మానిటర్ల వెనక ఉండే స్విచ్‌తో తగ్గించుకోవచ్చు.

ముందుగా 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే శబ్దం పెట్టి, కుర్చీని ముందుకూ వెనక్కూ జరుపుతూ వినండి. గది పొడవులో ముందు గోడ నుంచి 38 శాతం దూరం మొదలుపెట్టడానికి మంచి చోటు. ఎక్కడైతే ఏ స్వరమూ మాయం కాదో, ఏదీ ఉబ్బదో అక్కడ బల్ల వేసుకోండి. అల మాయమైన చోట ఈక్వలైజర్‌లో ఎంత పెంచినా ఆ స్వరం తిరిగి రాదు. పెంచిందంతా గోడల దగ్గరే పోగవుతుంది.