పాల మేకలకు పోతు ఎంపిక: బక్రీద్ బేరానికి ముందే ఆలోచించాలి

మన కుటుంబాల్లో మేకల పెంపకం కొత్త విషయం కాదు. ఇంట్లో నాలుగైదు మేకలుంటే పిల్లలకు పాలు, పండుగకు ఒక పోతు, అవసరానికి కాస్త రొక్కం. ఇరుకు ఇళ్ళలో ఉండేవారికి బర్బరీ వంటి పొట్టి జాతి మరీ అనుకూలం. ఉత్తరప్రదేశ్‌లోని ఎటా, ఆగ్రా, అలీగఢ్, మథుర ప్రాంతాలు దాని పుట్టిల్లు. ఆడమేక సాధారణంగా 20-25 కిలోలు తూగుతుంది. కట్టేసి మేపినా పెరుగుతుంది, తరచుగా కవలలను ఈనుతుంది, రోజుకు ముప్పావు లీటరు నుండి లీటరు దాకా పాలిస్తుంది. మథుర జిల్లా మఖ్దూమ్‌లో 1979లో నెలకొల్పిన కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ ఈ జాతిపై ఎంతో కృషి చేసింది.

అయితే మేకల సంఖ్య పెరుగుతున్నా పాలు తగ్గుతున్నాయని వాపోయేవారున్నారు. వారు మేత మారుస్తారు, మందులు తాగిస్తారు. పోతు సంగతి మాత్రం తలపుకు రాదు. ఖుర్బానీకి మేక ఏడాది నిండి, కుంటి, గుడ్డి, జబ్బు వంటి లోపాలు లేకుండా ఉండాలి. పోతు విత్తనానికి పనికివచ్చేదీ దాదాపు ఆ వయసులోనే. దాంతో ఉన్నవాటిలో మేలైనది మంచి ధరకు వెళ్ళిపోతుంది. ఎవరూ కొనని బక్కపోతు ఇంట మిగిలి, ఆ ఏడాది పుట్టే పిల్లలన్నిటికీ తండ్రవుతుంది.

పిల్లకు సగం గుణాలు తల్లివి, సగం తండ్రివి. ఒక తల్లి తన పిల్లలకే ఇస్తుంది, పోతు మంద మొత్తానికి ఇస్తుంది. ఉదాహరణకు, మంచి పోతుకు పుట్టిన 8 కూతుళ్ళు ఒక్కొక్కటి రోజుకు 100 మిల్లీలీటర్లు అదనంగా ఇస్తే, 150 రోజుల పాడిలో అది 120 లీటర్లు. బక్రీద్ సంతలో వచ్చే ధరతో ఈ లెక్కను పోల్చి చూడండి.

తల్లిని చూడండి

పోతు పాలివ్వదు. కనుక తల్లి పాలే దానికి యోగ్యతాపత్రం. వారానికి ఒక రాత్రి పిల్లలను వేరుగా కట్టి, ఉదయం పితికిన పాలు కొలిచి నోటుబుక్కులో రాసుకోవాలి. మొదటి ఈత మేకను మొదటి ఈత మేకతోనే, మూడో ఈత మేకను మూడో ఈత మేకతోనే పోల్చాలి.

ఇక్కడ కన్ను మోసపోయే చోటు ఒకటుంది. ఒంటరిగా పుట్టిన పిల్ల తల్లిపాలన్నీ తానే తాగి దిట్టంగా కనిపిస్తుంది. కవలపిల్ల చిన్నగా ఉంటుంది. ఒళ్ళు చూసి ప్రతిసారీ ఒంటరి పిల్లనే ఉంచుకుంటే కవలల గుణాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టే. కవలను కవలతోనే పోల్చాలి.

ఒంటిని చూడండి

కాళ్ళు తిన్నగా, గిట్టలు గట్టిగా ఉండాలి. కింది పళ్ళు పై చిగురుకు సరిగ్గా ఆనాలి. వృషణాలు రెండూ కిందికి దిగి, సమానంగా ఉండాలి. ఒక్కటే దిగిన పోతు విత్తనానికి పనికిరాదు. పోతుకూ రెండు చిన్న చన్నులుంటాయి. అదనపు చన్నులుంటే ఆ లోపం కూతుళ్ళకు రావచ్చు. పుట్టుకతోనే కొమ్ములు లేని మేకకు అటువంటి పోతునే జత చేస్తే ఆడా మగా కాని పిల్లలు పుట్టే ప్రమాదముంది.

పశువుల ఆసుపత్రిలో బ్రూసెల్లోసిస్ రక్తపరీక్ష తప్పనిసరి. మాల్టా దీవిలో జనాన్ని పీడించిన జ్వరానికి మేకలే మూలమని 1905లో తేలింది. ఈ జబ్బు పచ్చిపాల ద్వారా మనుషులకు సోకుతుంది. పాలు కాచే తాగాలి.

కూతుళ్ళే సాక్ష్యం

తల్లి పాలు ఆశ మాత్రమే, కూతుళ్ళ పాలు రుజువు. మేక చూలు 5 నెలలు. పుట్టిన ఆడపిల్ల పెరిగి ఈనేసరికి మరో ఏడాదిన్నర. అంటే పోతును దాటించిన దాదాపు రెండేళ్ళకు గాని దాని విలువ తెలియదు. చిన్న మందలో చిక్కంతా ఇక్కడే. విలువ తెలిసే నాటికి ఇంట్లో ఉన్నవి ఎక్కువగా దాని కూతుళ్ళే. తండ్రీకూతుళ్ళను కలిపితే బలహీనమైన పిల్లలు పుడతాయి, చూలు నిలవకపోవడం పెరుగుతుంది.

పరిష్కారం మన వాడకట్టులోనే ఉంది. నాలుగైదు ఇళ్ళవారు తలో మంచి పోతును ఉంచుకుని, ఏడాదికోసారి మార్చుకోవాలి. పోతును దాటించినందుకు కిరాయి తీసుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారని ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. బేరం లేకుండా, సంతోషంగా ఇచ్చే కానుకకు అనుమతి ఉన్నట్టు తిర్మిజీలో ఉంది. ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకునే పద్ధతికి ఇంతకన్నా ఆధారమేం కావాలి?

మరి మేలైనదాన్నే కదా ఖుర్బానీ ఇవ్వాలని కొందరు అడగవచ్చు. నిజమే. కాని పాలకు మేలైన తల్లి కొడుకు, సంతలో బలిసిన పోతు ఒకటే కానవసరం లేదు. పైగా రెండు మూడేళ్ళు విత్తనానికి నిలిచిన పోతు, లోపం లేకుండా ఉంటే, ఆ తర్వాత ఖుర్బానీకి నిస్సంకోచంగా పనికివస్తుంది.

కనుక పోతుపిల్లలకు మూడు నెలలు నిండగానే నోటుబుక్కు తెరవండి. మంచి తల్లుల కొడుకులు రెండింటిని పక్కన పెట్టండి. మిగిలినవాటికే బేరం చెప్పండి.