కట్టని విమానాన్ని దాచడం ఎలా?

డిగ్రీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు నా చేతికి రెండు బాల్సా విమానాల కిట్లు వచ్చాయి. ఒకటి అక్కడే కట్టి ఎగరేశాం. రెండోది మన పెనుబల్లి హాస్టల్ తమ్ముళ్లతో కలిసి కట్టాలని దాచాను. శ్రావణమాసం ముసురులో ఇంటికి తెచ్చి, తడి తగలకూడదని పాలిథిన్ కవరులో గట్టిగా చుట్టి, ట్రంకుపెట్టెలో వేసి అటక ఎక్కించాను. మూడేళ్లకు తీస్తే లోపలంతా బూజు. చెక్కలు వంకర తిరిగాయి. ప్లాన్ కాగితం మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా నాన్న మిర్చి కల్లాల్లో కూలికి పోతాడు. అది చూసి ఒక్కటే మాట అన్నాడు: "పచ్చి కాయను బస్తాలో కుడితే బూజు పట్టదా ఏందిరా?" ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతున్న నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు!

ఈ వార్షికోత్సవానికి మన హాస్టల్‌కు రెండు కిట్లు తెచ్చాను. ఒకటి బాల్సాది, ఒకటి ప్లాస్టిక్‌ది. పదో తరగతి వాళ్లకు పరీక్షలు దగ్గరపడ్డాయి కనుక వాటిని కట్టేది తర్వాతి బ్యాచ్ వాళ్లే కావచ్చు. అప్పటిదాకా అవి బాగుండాలనే ఇది రాస్తున్నాను.

బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్రలాగే చాలా తేలిక. ఘనమీటరు బాల్సా సుమారు 160 కిలోలే తూగుతుంది, అదే నీరైతే 1000 కిలోలు. ఏ కర్రయినా గాలిలోని తేమను పీలుస్తుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే కర్ర తన బరువులో దాదాపు 9 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. 90 శాతం ఉంటే అది 20 శాతం దాకా పోతుంది. నేను ముసురులో కవరు బిగించినప్పుడు ఆ నీటిని కూడా లోపల పెట్టి మూసినట్టే అయింది. కొండపల్లి కళాకారులు కూడా పొణికిని ఆరబెట్టాకే ఉలి పడతారు. పెద్ద విమానాలకూ తేమ బాధ తప్పలేదు. రెండో ప్రపంచయుద్ధంలో చెక్కతో కట్టిన బ్రిటిష్ మస్కిటో విమానాలకు 1944లో మన దేశంలో రెక్కల అతుకులు విడిపోతే, కొన్నాళ్లు వాటిని ఎగరనివ్వలేదు. అందులో తయారీ లోపం కొంత, తేమ కొంత.

అందుకని కిట్టును మాఘ, ఫాల్గుణ మాసాల పొడిగాలిలో, నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, ఆ తర్వాతే మూత బిగించాలి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఉంటే వెయ్యండి. బియ్యం మాత్రం వద్దు, పురుగును పిలిచినట్టవుతుంది. చెక్కలను గోడకు ఆనించి నిలబెడితే వంగిపోతాయి. చదునుగా పరిచి, పైన అట్ట వేసి, దాని మీద రెండు పుస్తకాల బరువు పెట్టండి. పెట్టె అటక మీద కాదు, రేకు కింద అసలే కాదు. మన ఎండలకు రేకు కింద వేడి ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా? చెదల భయం ఉంది కనుక గోడకు జానెడు దూరంలో, బల్ల మీద ఉంచండి.

కిట్టులోని వస్తువుల్లో ఒకదానికొకటి పడనివి ఉంటాయి. రబ్బరు వేడికి, వెలుతురుకు పాడవుతుంది. దానికి కాస్త టాల్కం పౌడరు రాసి వేరే డబ్బాలో వెయ్యండి. ఇనుప తీగకు మెషీన్ ఆయిల్ రాసి విడిగా చుట్టండి. ఆ నూనె బాల్సాకు తగిలితే తర్వాత జిగురు పట్టదు. ప్లాస్టిక్ కిట్టులో మెత్తటి చక్రాలుంటే వాటినీ విడిగా పెట్టాలి. ఆ మెత్తదనం కోసం కలిపిన రసాయనం మెల్లగా బయటికొచ్చి పక్కనున్న పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. డాంబరు గోళీలు కూడా అంతే, బట్టల పెట్టెకే గానీ దీనికి పనికిరావు. జిగురు దాచకండి, కట్టే రోజున కొత్తది కొనుక్కోండి.

అన్నిటికన్నా విలువైనది ప్లాన్. చెక్క పోయినా ప్లాన్ ఉంటే కొత్త చెక్క మీద గీసి కోసుకోవచ్చు. ప్లాన్ పోతే ఎంత మంచి చెక్క ఉన్నా లాభం లేదు. దాన్ని మడవకుండా గొట్టంలా చుట్టి పెట్టాను. ఒక జిరాక్స్ వార్డెన్ సార్ బీరువాలో ఉంది, ఫోటో నా ఫోన్‌లో ఉంది.

పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాను. అందులో నేను మూసిన తేదీ ఉంది. ఏటా సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చాక ఎవరైనా ఇద్దరు పెట్టె తెరిచి, చెక్క వాసన చూసి, బూజు లేదనుకుంటే దాని కింద తేదీ వేసి సంతకం పెట్టండి. బూజు కనిపిస్తే ఆ ఏడే కట్టెయ్యండి, నా కోసం ఆగొద్దు.