కొత్త ల్యాప్‌టాపులో వేయించుకొనవలసినవి

మన సంఘ సభ్యులలో ల్యాప్‌టాప్ కొనువారు నానాటికి పెరుగుచున్నారు. పిల్లవాని చదువునకని కొన్న యంత్రమే కొన్ని నెలలలో ఇంటి లెక్కలకును, చీరల డిజైనులకును, జి.ఎస్.టి. రిటర్నులకును ఆధారమగుచున్నది. కాని యంత్రము బేరమాడుటలో చూపు శ్రద్ధను, అందులో ఏ ప్రోగ్రాములు ఉండవలెనన్న విషయములో పలువురు చూపుట లేదు. దుకాణదారు వేసి ఇచ్చినదే పదివేలనుకొని ఇంటికి తెచ్చుకొనుచున్నారు. పన్నె ఎన్నో నంబరుదో చూడకుండ మగ్గము మీద కూర్చుండువాడు మనలో ఎవడైన ఉన్నాడా?

చెన్నైలో ఈ సరుకునకు రిచీ స్ట్రీటు పేరుపొందిన చోటు. అది మౌంటు రోడ్డు ప్రక్కన, చింతాద్రిపేట సరిహద్దుననే యున్నది. ఈ చింతాద్రిపేటను 1734లో, జార్జి మోర్టన్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు, కుంఫిణీవారు నేతగాండ్రను, నూలు వడుకువారిని, అద్దకము పనివారిని నిలుపుటకై కట్టించిరి. చిన్న తరి పేట్టై, అనగా చిన్న మగ్గముల పేట, అను అరవ మాటయే ఇట్లు మారినదని చెప్పుదురు. కంప్యూటరు కూడ మనకు దూరపు చుట్టమే. 1804 నాటికి ఫ్రాన్సులో జాకార్డు తన మగ్గమునకు అమర్చిన చిల్లుల అట్టల పద్ధతి వంటిదానినే హోలరిత్ 1890 అమెరికా జనాభా లెక్కలకు వాడినాడు. ఆ అట్టలు తరువాత చాలకాలము కంప్యూటర్లను నడిపినవి.

ఇక అసలు సంగతికి వత్తము. కొన్ని దుకాణములలో “విండోస్, ఆఫీసు, ఫోటోషాప్ అన్నీ ఉచితముగా వేసి ఇచ్చెదము” అని చెప్పుదురు. ఇవి తాళము పగులగొట్టిన ప్రతులు. ఆ తాళము పగులగొట్టు ‘క్రాక్’ అను ప్రోగ్రాము చాల సందర్భములలో మొట్టమొదట చేయించు పని వైరస్ రక్షణను ఆపించుట. కాపలావానిని బయటకు పంపి ఎవరినో ఇంటిలోనికి రానిచ్చినట్లున్నది ఇది. తరువాత ఆ యంత్రములోనే మనము బ్యాంకు సంకేతపదము కొట్టుచున్నాము! కావున కొనునప్పుడే విండోస్ లైసెన్సుతో వచ్చినదా అని అడిగి, బిల్లులో వ్రాయించుకొనవలెను.

పాత యంత్రము కొనువారు ఇంకొకటి చూడవలెను. విండోస్ 10నకు సాధారణముగా వచ్చు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. సవరణలు వేసికొననివారి గతి 2017 మే నెలలో లోకమంతయు చూచినది. వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము అనేక దేశములలోని కంప్యూటర్లలో ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సైతము దాని వాత పడినవి. ఆ లొసుగునకు సవరణ అంతకు రెండు నెలల ముందే మార్చిలో వచ్చియున్నది, వేసికొననివారే చిక్కుపడిరి. విండోస్ 11 ఎక్కని పాత యంత్రమైనచో, ఉచితముగా దొరకు లినక్స్ మింట్ గాని ఉబుంటు గాని వేయించుకొనుట మేలు. విండోస్‌తో వచ్చు డిఫెండరు మన పనులకు చాలును. దానిపై వేరొక యాంటీవైరస్‌కు డబ్బు పోయనక్కరలేదని నా అభిప్రాయము.

తెలుగు వ్రాతకు వేరుగా ఏమియు కొనవలసిన పని లేదు. 2019 మే నెల సవరణ మొదలు విండోస్‌లోనే ఉచ్చారణను బట్టి తెలుగు కొట్టు ఏర్పాటు వచ్చినది; సెట్టింగులలో భాష అనుచోట తెలుగును చేర్చుకొనిన చాలును. అచ్చు పనివారు వాడు పాత ఫాంట్లు కాగితముపై అందముగానే ఉండును. కాని యూనికోడ్ కాని ఆ ఫాంట్లతో కొట్టిన ఉత్తరమును, ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. సంఘమునకు పంపు ఉత్తరములు యూనికోడులోనే కొట్టవలెను.

లెక్కలకు లిబ్రెఆఫీస్ చాలును. 2010 నుండి ఉచితముగా దొరకుచున్నది, ఎక్సెల్ ఫైళ్లను కూడ తెరచును. నాలుగైదు మగ్గములున్న ఇంటికి ఒక్క పట్టిక సరిపోవును: ఇచ్చిన నూలు తూకము, జరీ, వచ్చిన చీరలు, చెల్లించిన కూలి. బెంగుళూరువారి ట్యాలీ మంచిదే, కాని అమ్మకములు పెరిగి, సరుకు నిలువలు, పన్ను లెక్కలు చేతికి మించిన నాడు కొనవచ్చును. రిటర్నులు సిద్ధము చేసికొను ఆఫ్‌లైన్ టూలును జి.ఎస్.టి. వారి పోర్టలే ఉచితముగా ఇచ్చుచున్నది.

డిజైనుల విషయము కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. 240 హుక్కుల జాకార్డు మీద 480 పేకల బొమ్మ నేయవలెనన్న, పేకకు ఒకటి చొప్పున 480 అట్టలు కావలెను. గ్రాఫు కాగితముపై 1,15,200 గళ్లు నింపవలెను. ఒక గడి తప్పిన, ఆ తప్పు చీర పొడవున బుటా బుటాకును కనబడును. గింప్ అను ఉచిత చిత్రలేఖన ప్రోగ్రాములో ఒక్కొక్క చుక్కయే ఒక్కొక్క గడి. 240 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు పెట్టుకొని పని మొదలిడవచ్చును. బొమ్మను ఇండెక్స్‌డ్ పద్ధతికి మార్చి, నాలుగు రంగులే అని నిర్ణయించినచో అయిదవ రంగు చొరబడదు.

ఇందు రెండు మెలకువలు ముఖ్యము. మొదటిది: డిజైనును జేపెగ్‌గా దాచరాదు. జేపెగ్ జాగా పొదుపు చేయుటకై రంగుల అంచులను కలిపివేయును. నాలుగు రంగుల బొమ్మను దాచి తిరిగి తెరచినచో వందల ఛాయలు కనబడును. ఏ గడి ఏ రంగో అట్టలు కొట్టువానికి తెలియదు. పి.ఎన్.జి.గా దాచినచో గడి గడిగానే నిలుచును. రెండవది: అంగుళమునకు పడుగు పోగులు 80, పేకలు 60 అయినచో, తెరమీద గుండ్రముగా గీసిన బుటా బట్టమీద నిలువున సాగి కోడిగ్రుడ్డు వలె వచ్చును. అంగుళము బుటాకు అడ్డముగా 80 గళ్లు, నిలువుగా 60 గళ్లు ఉండవలెను. గింప్‌లో ప్రింట్ సైజ్ అనుచోట అడ్డమునకు 80, నిలువునకు 60 అని వేసి, వ్యూ పట్టికలోని డాట్ ఫర్ డాట్ అను గుర్తు తీసివేసినచో, బట్టమీద ఎట్లుండునో తెరమీద అట్లే కనబడును. చేయి తిరిగిన పనివారు దీనిని కంటి అంచనాతో చేయుదురు, నిజమే. వారి కుమారులకు ఆ కన్ను ఇంకను అలవడలేదు.

నేతకనియే చేసిన ప్రోగ్రాములు వేరుగా ఉన్నవి. వానిలో డిజిటల్ ఇండియా కార్పొరేషన్ వారి డిజిబునాయ్ జాకార్డు, డాబీ పనులకు ఉద్దేశింపబడినది, ఓపెన్ సోర్సుది. డబ్బు పెట్టి విదేశపు సాఫ్ట్‌వేరు కొనుటకు ముందు, ఆ డిజైనును వేరొక ప్రోగ్రాము తెరువగలదా అని అడిగి తెలిసికొనవలెను. ఏటేట చందా కట్టిననే తెరచుకొను పెట్టెలో తాతల నాటి అంచులను దాచుట నాకు సమ్మతము కాదు. ఈ విషయములో చెన్నై వీవర్స్ సర్వీస్ సెంటరు వారి సలహా అడుగుట మంచిది.

సినిమాలకు, పాటలకు వి.ఎల్.సి. ఉన్నది, అది చాలును. ఎవరో ఫోను చేసి బ్యాంకు నుండి మాటలాడుచున్నామని చెప్పి, ఎనీడెస్క్ వంటి దూరమునుండి యంత్రమును నడుపు ప్రోగ్రాము వేసికొమ్మన్నచో వేయరాదు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీనిని గూర్చి హెచ్చరించినది.

చివరగా నకళ్ల సంగతి. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులోను ఈ పట్టణమున ఎన్ని ఇండ్లలోనికి నీరు వచ్చినదో సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. యంత్రమును, నకలు డిస్కును ఒకే బీరువాలో పెట్టినచో రెండును కలిసియే మునుగును. డిస్కును వేరొక పేటలోని బంధువుల ఇంట ఉంచవలెను. పైన చెప్పిన 240 హుక్కుల బొమ్మ పి.ఎన్.జి.గా సాధారణముగా కొన్ని పదుల కిలోబైట్లకు మించదు; గూగుల్ డ్రైవు ఉచితముగా ఇచ్చు 15 గిగాబైట్లలో ఒక కుటుంబపు డిజైనులన్నియు ఇమిడి ఇంకను చోటు మిగులును. అటకమీది పాత గ్రాఫు కాగితములను కూడ పగటి వెలుతురులో, కాగితము నిటారుగా కనబడునట్లు ఫోనుతో ఫొటోలు తీసి, ప్రతిదానికి చీర పేరు, హుక్కుల సంఖ్య, అంగుళమునకు పోగులు, పేకలు ఫైలు పేరులోనే వ్రాసి దాచుకొనవలెను. చెదలు పట్టిన కట్టలను ముందుగా తీయవలెను.