అమ్మా, ఇందులో నవ్వేదేముంది?

పిల్లలు టీవీ ముందు పడీపడీ నవ్వుతుంటారు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ మీరొచ్చి పక్కన కూర్చుంటారు. రెండు నిమిషాలు చూస్తారు. ఒక్క ముక్క అర్థం కాదు. ‘ఏందమ్మా అంత నవ్వు?’ అని అడిగితే, ‘నీకు తెలీదులేమ్మా’ అనేసి మళ్లీ నవ్వులో పడిపోతారు. ఆ ‘నీకు తెలీదులే’ ఉందే... కూరలో ఉప్పెక్కువైందని నలుగురి ముందూ అన్నా అంత బాధ ఉండదు!

ఇదే సీను మా ఇంట్లో ఒకసారి తల్లకిందులైంది. 2024 జనవరి, సంక్రాంతి సెలవులు. ఈటీవీ విన్‌లో ‘నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ పెట్టుకుని అందరం కూర్చున్నాం. ఆ నెల 5న వచ్చిన సిరీస్ అది. ఆరు ఎపిసోడ్లు. లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, ఆయన భార్య రాణిగా వాసుకి, వాళ్ల ముగ్గురు పిల్లలు. పెద్దాడిది పదో తరగతి. మార్కులు, స్కూల్లో ఓ చిన్న ఆరాధన, ఇంట్లో పైసా పైసా పొదుపు, పొద్దున లేస్తే ఉప్మా... ఇంతే కథ. దర్శకుడు ఆదిత్య హాసన్. మొదటి పది నిమిషాల్లోనే నేను నవ్వడం మొదలుపెట్టాను. మా ఆయనా నవ్వుతున్నారు. అప్పుడు తొమ్మిది చదువుతున్న మా అమ్మాయి, ఆరో తరగతి చిన్నాడు మాత్రం మా మొహాలు చూస్తున్నారు. చివరికి అమ్మాయే అడిగింది, ‘అమ్మా, ఇందులో నవ్వేదేముంది?’ అని.

నిజం చెప్పొద్దూ, ‘నీకు తెలీదులే’ అని అనాలని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల బాకీ కదా! కానీ అనలేదు. టీవీ ఆపి చెప్పడం మొదలుపెట్టాను. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం వాకిట్లో పనులన్నీ ముందే ముగించుకోవడం, బొమ్మ సరిగా రాకపోతే ఒకరు మిద్దెక్కి యాంటెనా తిప్పడం, కింద నుంచి ఇంకొకరు ‘వచ్చింది... పోయింది... ఆ, అట్లనే పట్టుకో’ అని అరవడం, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక కేబుల్ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య వచ్చిన తేడా. వాళ్లకు నవ్వు రాలేదు గానీ, ‘పడిపోతే ఎట్లమ్మా మిద్దె మీంచి?’ అని చిన్నాడు అడిగిన ప్రశ్నకు మేమిద్దరం మళ్లీ నవ్వాం.

అసలు ఆ సిరీస్ పేరే ఒక పేరడీ. బయోపిక్ అని దేనికంటారు? ‘మహానటి’లో సావిత్రి జీవితాన్నో, క్రికెట్ ధోనీ జీవితాన్నో సినిమా తీస్తే అంటారు. ఇక్కడ హీరో ఎవరంటే నెల జీతం మీద బతికే ఒక సంసారం! ఉప్మా తిన్న ఇంటికి బయోపిక్ అని పేరు పెట్టడంలోనే సగం హాస్యం ఉంది. ఈ సంగతి విప్పి చెప్పాక మా అమ్మాయి ‘ఓహో’ అంది. నవ్వలేదు. విప్పి చెప్పిన జోకు ఇంటికొచ్చేసరికి చల్లారిన బజ్జీలాంటిది, తినొచ్చు గానీ కరకర ఉండదు.

పేరడీ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారిని సాహిత్యంలో ‘పేరడీ శాస్త్రి’ అనే పిలిచేవారు. మహామహుల శైలిని అచ్చంగా దించి నవ్వించేవారాయన. ‘మిథునం’ కథ రాసిన శ్రీరమణగారు కూడా ముందు పేరడీలతోనే పాఠకుల్ని ఆకట్టుకున్నారు. ఇద్దరికీ ఒకటే నియమం. అసలుది చదివిన వాళ్లకే నకలు రుచి. అందుకే పిల్లల స్కూలు కామెడీల్లో మనకు జోకు అందకపోతే మన బుర్రలో లోపం ఉన్నట్టు కాదు. ఆ అసలు సినిమా, ఆ అసలు పాట, ఆ అసలు ఇన్‌స్టాగ్రాం రీలు మనం చూడలేదు, అంతే.

మనకు రెండు చెవులు

ఈ విషయంలో మన చిత్తూరు వైపు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు ఇళ్లల్లో తెలుగుతో పాటు అరవం కూడా చెవిన పడుతూనే ఉంటుంది. 2006లో విజయ్ టీవీలో ‘కనా కాణుం కాలంగళ్’ మొదలైనప్పుడు, పరీక్షలు దగ్గర పెట్టుకుని దాని ముందు కూర్చున్న పిల్లలు మన వైపూ ఉన్నారు. హైస్కూలు పిల్లల స్నేహాలు, అలకలు, టీచర్ల తిట్లు అందులో విషయం. దానికున్న ఆదరణ ఎంతంటే 2022లో అదే పేరుతో ఓటీటీకి మళ్లీ కొత్తగా తీశారు. అదే ఛానెల్లో ‘లొళ్లు సభ’ వచ్చేది. పెద్ద పెద్ద తమిళ సినిమాలను తీసుకుని సీను సీనుకూ వెక్కిరించడమే దాని పని. సంతానం అనే హాస్యనటుడు పైకి వచ్చింది అక్కడి నుంచే.

2010లో తమిళంలో ‘తమిళ్ పడం’ అని మొత్తం పేరడీలతోనే ఒక సినిమా వచ్చింది. అది 2012లో అల్లరి నరేష్‌తో తెలుగులో ‘సుడిగాడు’ అయింది. మామూలు సినిమాకైతే మాటలు మారిస్తే డబ్బింగ్ అయిపోతుంది. దీనికి అట్లా కుదర్దు. రజనీకాంత్ మీది జోకును తీసి దాని స్థానంలో మన హీరోల మీద జోకు పెట్టాలి. అంటే కథ అక్కడిదే, వెక్కిరింత మాత్రం ఇక్కడిది. రెండూ చూసిన చిత్తూరు వాళ్లు రెండుసార్లు నవ్వుకున్నారు. పక్క జిల్లా వాళ్లకు ఆ అదృష్టం లేదు పాపం!

ఇంకో గొప్ప కూడా చెప్పుకోవాలి. హిందీలో ‘ఫ్యామిలీ మ్యాన్’ తీసిన రాజ్, డీకే అనే జంట దర్శకులు ఎవరనుకున్నారు? రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే... ఇద్దరూ మన వైపు వాళ్లే, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాళ్లే. 2023లో నెట్‌ఫ్లిక్స్‌కు వాళ్లు తీసిన ‘గన్స్ అండ్ గులాబ్స్’ కూడా తొంభైల కథే. అందులో తుపాకుల గోల ఒక వైపు, స్కూలు పిల్లల ప్రేమలు ఇంకో వైపు. పిల్లలతో కలిసి చూసేది కాదు, ముందే చెప్తున్నా. వాళ్లే నిర్మించిన ‘సినిమా బండి’ (2021) మాత్రం ఇంటిల్లిపాదీ చూడొచ్చు. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరికితే, ఆటో డ్రైవరు ఊళ్లో సినిమా తీయాలని బయల్దేరతాడు. మంగలి షాపు కుర్రాడు హీరో. కూరగాయలమ్మే మంగ హీరోయిన్. మనం చూసి చూసి అలవాటు పడ్డ సినిమా హీరోయిన్ల పక్కన ఆ మంగను నిలబెట్టి చూడండి. వెక్కిరింత ఎవరి మీదో అప్పుడు తెలుస్తుంది. నాకైతే మంగ మీద అనిపించలేదు.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు ఒకసారి ‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’ చూడమంది పెద్దమ్మని. కాలిఫోర్నియాలో హైస్కూలు చదివే దేవి అనే తమిళమ్మాయి కథ. 2020 నుంచి 2023 వరకు వచ్చింది. ఆ అమ్మాయి మనసులోని మాటలను మనకు వినిపించేది ఎవరయ్యా అంటే, టెన్నిస్ ఆటగాడు జాన్ మెకన్రో! ముక్కు మీద కోపానికి ఆయన పెట్టింది పేరు. దేవికీ అంతే కోపం. చనిపోయిన వాళ్ల నాన్నకు ఆయనంటే ప్రాణం. మెకన్రో ఎవరో తెలీకుండా చూస్తే ఎవరో తెల్లాయన మాట్లాడుతున్నాడులే అనిపిస్తుంది. తెలిసి చూస్తే కూతురు నాన్నను ఎట్లా మోసుకు తిరుగుతోందో కనబడుతుంది. ఒక్క పేరు తెలియడంలో అంత తేడా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

ఎవరిని చూసి నవ్వుతున్నాం?

ఇక అసలు సంగతికొస్తాను. ఆ ఫిబ్రవరిలో మా అమ్మాయి వాళ్ల స్కూల్లో వార్షికోత్సవం. తొమ్మిదో తరగతి పిల్లకాయలే స్వయంగా ఒక హాస్య నాటిక రాసుకున్నారు. ఒక ఇల్లు, ఒక క్లాసు రూము, మధ్య మధ్యలో సినిమా పేరడీలు. రాసిన కాగితాలు నాకు చూపించింది. నవ్వొచ్చింది, బాగానే రాశారు. ‘అమ్మ వేషం ఎవరు?’ అని అడిగాను. ఒక అబ్బాయట. చీర కట్టి, చేతికి అట్లకాడ ఇస్తారట. వచ్చీ రాగానే నడుం తిప్పుతూ నడవాలట. ‘అట్లయితేనే నవ్వుతారమ్మా’ అంది.

ఎక్కడ నేర్చుకున్నారో చెప్పక్కర్లేదు. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైనప్పటి నుంచి మగపిల్లలు చీర కట్టి ఆడవేషం వేయడం మన ఇళ్లల్లో రోజూ చూసే హాస్యమే అయిపోయింది. జడ్జి కుర్చీలో మన రోజాగారు నవ్వుతుంటే మనమూ నవ్వాం. నేనూ నవ్వాను, కాదనను. కానీ అమ్మ మీద జోకు అంటే అమ్మ నడుం మీద జోకేనా? ‘నైంటీస్’లో రాణి ఉప్మా మీద ఎన్ని జోకులున్నా, ఆ ఉప్మా వెనక నెలాఖరు లెక్క ఉందని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

దీనికి తోడు ఇంకోటి. ఆ అమ్మ పాత్రకు మాత్రం మన యాస పెట్టారు. ‘వస్తా ఉండా’, ‘యాడికి పోతా ఉండావు’, ‘ఏంది మేయ్’ అనీ. మిగతా అందరూ పుస్తకాల తెలుగు, ఇంగ్లీషు. అది చదివేసరికి నాకు నా హాస్టలు రోజులు గుర్తొచ్చాయి. డిగ్రీకి కోస్తా వైపు వెళ్లాను. నేను ‘అన్నం ఉండాదా?’ అని అడిగితే చాలు, భోజనాల బల్ల చుట్టూ ఉన్న అమ్మాయిలంతా ఆ మాటను పట్టుకుని వారం రోజులు అనేవారు. అదీ పేరడీయే కదా! మూడు నెలలకల్లా నేను ‘ఉందా?’ అనడం నేర్చుకున్నాను. ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర కూడా అట్లా అంటే, ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

సినిమాల్లోనూ మన యాస చాలాకాలం విలన్లకో, పనివాళ్లకో ఇచ్చేవారు. 2021లో ‘పుష్ప’ వచ్చింది. శేషాచలం అడవులు, ఎర్రచందనం, హీరో నోట చిత్తూరు మాట. అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా దానికే వచ్చింది. గడ్డం కింద చెయ్యి తిప్పడం దేశమంతా పిల్లలు చేశారు. ఎర్రచందనం దొంగను హీరోను చేయడం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి. కానీ మా చిన్నాడు ‘మనం మాట్లాడేదే కదమ్మా ఇది!’ అన్నప్పుడు వాడి మొహం చూడాలి.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. హాస్టలు సంగతి అప్పటిదాకా ఎప్పుడూ చెప్పలేదు. విని ఊరుకుంది. నేనూ పొడిగించలేదు. మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, బ్యాగు పడేసి, ‘అమ్మ వేషం నేనే వేస్తా ఉండా. వాళ్లతో కొట్లాడి తీసుకున్నా’ అంది. యాస మారుస్తావా అంటే తల అడ్డంగా ఊపింది. ‘మార్చను. నాన్న పాత్రకు కూడా అదే పెట్టినాం. హెడ్‌మాస్టరుకూ అదే’.

వార్షికోత్సవం రోజు మూడో వరుసలో కూర్చున్నాను. పాత చీరల్లోంచి నాకెంతో ఇష్టమైన ఆకుపచ్చ వెంకటగిరి కట్టుకుని వచ్చింది స్టేజీ మీదికి. అట్లకాడ లేదు. చేతిలో సెల్‌ఫోను. కొడుకు మార్కుల కోసం టీచరుకు ఫోను చేస్తూ, మధ్యలో గ్యాసు బుక్ చేస్తూ, పక్కింటామెకు సీరియల్ కథ చెప్తూ, నాన్న పాత్రను ‘అయ్యో, మీరుండండి సామీ’ అని ఒక్క చేత్తో ఆపుతూ... హాలంతా నవ్వు. పక్కనున్నావిడ నా వైపు తిరిగి, ‘మీ అమ్మాయేనా? ఎవర్ని చూసి నేర్చుకుందమ్మా అంత బాగా?’ అనింది.

నేనేం చెప్పేది? ఆ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే తీరు, ఆ ‘సామీ’... అన్నీ నావే. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని ‘ఎట్లుంది మా? కోపమొచ్చిందా?’ అని రెండుసార్లు అడిగింది. అలిపిరి సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడు చెప్పాను, ‘నేనట్ల భుజం ఎగరెయ్యను’ అని.

‘ఎగరేస్తావు మా’ అంది.