కోరంగి: మడ అడవిలో ఒదిగిన ఓడరేవు

1. ఉపోద్ఘాతం

కాకినాడ నుంచి యానాం వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద, తాళ్ళరేవు మండలంలో కోరంగి అనే గ్రామం ఉంది. గోదావరి పాయలు కాకినాడ అఖాతంలో కలిసే ప్రాంతమిది. 1978లో ఏర్పాటైన అభయారణ్యం వల్ల ఈ పేరు నేడు మడ అడవులకు పర్యాయపదమైంది. సందర్శకులు చెక్కబాట మీద నడిచి, పడవలో విహరించి, అడవిని చూసి తిరిగి వెళ్తారు. కాని ఇదే కోరంగి ఒకప్పుడు తూర్పుతీరంలో పేరెన్నికగన్న నౌకాకేంద్రం. ఆ రేవు ఏమైంది? దాని జాడను ఈ నేల మీద ఎలా గుర్తించాలి? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. రేవు ప్రాభవం

18, 19 శతాబ్దాలలో కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు ప్రసిద్ధి పొందింది. నదీముఖం ఓడలకు ఆశ్రయమిచ్చింది. ఎగువ అడవుల కలప గోదావరి ప్రవాహం మీదుగా దిగువకు చేరేది. సమీపంలోనే ఫ్రెంచివారి యానాం, ఆంగ్లేయుల వస్త్రవ్యాపార స్థావరమైన ఇంజరం ఉండేవి. ఈ తీరం నుంచి బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఒక పల్లె పేరు పరాయిదేశంలో ఒక జనసమూహానికి పేరుగా స్థిరపడడం ఈ రేవు విస్తృతికి బలమైన సాక్ష్యం.

3. ఉప్పెనలు: సంఖ్యల సమస్య

1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు పెనుకెరటాలు కోరంగిని ముంచెత్తాయి. 1839 నవంబరులో మరో ఉప్పెన విరుచుకుపడింది. తుఫానులకు ‘సైక్లోన్’ అనే పదాన్ని ప్రతిపాదించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి తుఫానులను ప్రత్యేకంగా పరిశీలించాడు. అతడు ఆ పదాన్ని ప్రచారంలోకి తెచ్చిన నావికుల గ్రంథం 1848లో వెలువడింది.

1839 ఉప్పెనలో 3,00,000 మంది మరణించారని, 20,000 ఓడలు, పడవలు ధ్వంసమయ్యాయని తరచుగా రాస్తుంటారు. 1789 మృతుల సంఖ్యగా కూడా 20,000 అనే అంకే కనిపిస్తుంది. రెండు ఘటనల వివరాలు కలగలిసిపోయే అవకాశాన్ని కొట్టివేయలేము. ఒక నదీముఖ రేవులో అన్ని ఓడలు ఒకేసారి ఉండడమూ సందేహాస్పదమే. విషాదం వాస్తవం, సంఖ్యలను మాత్రం జాగ్రత్తగా స్వీకరించాలి.

4. ఒండ్రు చేసిన పని

కోరంగి పతనాన్ని ఉప్పెనలకే ఆపాదించడం సరికాదు. గోదావరి తెచ్చిన ఒండ్రు ఓడల మార్గాన్ని క్రమంగా పూడ్చివేసింది. అదే నది సముద్రంలోకి చేర్చిన ఇసుకను అలలు ఉత్తరదిశగా నెట్టడంతో సుమారు 16 కిలోమీటర్ల పొడవైన ఇసుకదిబ్బ ఏర్పడింది. అదే నేటి హోప్ ఐలాండ్. దాని చాటున అఖాతం ప్రశాంతమైంది. నిలకడ నీటిలో ఒండ్రు పేరుకుంది. ఒండ్రు మీద మడచెట్లు వేళ్ళూనాయి. ఆ వేళ్ళు మరింత ఒండ్రును పట్టి నిలిపాయి. పెద్ద ఓడలకు కోరంగి అందరానిదైంది, కాకినాడ ఎదిగింది. కనుక ఒక రేవును పూడ్చినదీ, మరో రేవుకు రక్షణ కల్పించినదీ ఒకే నది.

5. సందర్శకుడు చూడవలసినవి

పోటువేళ నీటిలో మునిగే శ్వాసవేళ్ళు ఆటువేళ బురద నుంచి మేకుల్లా పైకి కనిపిస్తాయి. ఒండ్రు నేలగా మారే తీరును అప్పుడు స్పష్టంగా గమనించవచ్చు. మడ, తిల్ల చెట్ల మధ్య సాగే కాలువలలో నావికామార్గాల స్వభావాన్ని ఊహించవచ్చు. తాళ్ళరేవు పరిసరాలలో నేటికీ సాగుతున్న చెక్కపడవల నిర్మాణాన్ని చూస్తే పాత నౌకావృత్తి గుర్తుకు వస్తుంది. రాతికట్టడం కోసమే వెతికేవారికి కోరంగి నిరాశ కలిగిస్తుంది. నేలనే ఆధారంగా చదివేవారికి ఎంతో చెబుతుంది.

6. ముగింపు

ఒండ్రు అధికమై కోరంగి రేవు మూతపడింది. నేడు ఎగువ ఆనకట్టల వల్ల డెల్టాకు చేరే ఒండ్రు తగ్గుతోంది. అఖాతానికి ఉత్తరాన ఉప్పాడ తీరం కోతకు గురవుతోంది. తీరం స్థిరమైనది కాదని ముందుగా చెప్పిన గ్రామం కోరంగి. దానిని కేవలం విహారస్థలంగా కాక, తీరచరిత్రకు ఆధారంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.