ఆపరేషన్‌కీ ఓ అంకె!

ఆపరేషన్‌ బాగా జరిగింది. రోగి కోలుకున్నాడు. అమెరికాలో అయితే కథ అంతటితో అయిపోదు. డాక్టరు ఏం చేశాడో అయిదంకెల కోడ్‌లో చెబితేనే బీమా కంపెనీ డబ్బులిస్తుంది. సీపీటీ అనే ఈ కోడ్‌లను అమెరికన్‌ మెడికల్‌ అసోసియేషన్‌ 1966లో మొదలుపెట్టింది.

రోజూ జరిగే ఆపరేషన్లకైతే చిక్కులేదు. అరుదైనవాటితోనే తంటా. కొందరికి పుట్టుకతోనే రెండు కిడ్నీలూ కింది కొసల దగ్గర అతుక్కుని గుర్రపునాడాలా ఉంటాయి. ఆ అతుకును విడదీసే శస్త్రచికిత్స కోడ్‌ 50540. ఒకవైపు చేసినా రెండువైపులా చేసినా అదే వర్తిస్తుంది. అసలు కోడే లేని మూత్రవ్యవస్థ ఆపరేషన్‌కి 53899 వేసి, దానికి దగ్గరగా ఉండే మరో ఆపరేషన్‌తో పోల్చి చూపించాలి.

తోకలూ ఉన్నాయి!

కోడ్‌ పక్కన చేర్చే రెండంకెల తోకే మాడిఫయర్‌. మామూలుకన్నా చాలా ఎక్కువ శ్రమపడితే 22, పని తగ్గిస్తే 52, రోగి ప్రాణానికి ముప్పని మధ్యలో ఆపేస్తే 53.

అయితే, 22 తగిలించగానే అదనపు సొమ్ము రాదు. ‘కష్టమైంది’ అంటే సరిపోదు. పాత ఆపరేషన్ల వల్ల లోపల కణజాలం అతుక్కుపోయిందా, ఎంత సమయం ఎక్కువ పట్టింది... అన్నీ డాక్టరు రాయాలి. రాయనిదాన్ని కోడర్‌ ఊహించకూడదు. లేనిది చూపిస్తే మోసం, ఉన్నది వదిలేస్తే డాక్టరుకి నష్టం. క్లెయిమ్‌ తిరగ్గొడితే ఒక్కోసారి ఆ బిల్లు రోగి నెత్తినే పడుతుంది.

హైదరాబాద్‌లో కూర్చుని ఈ పనే చేస్తున్న మన కుర్రకారు ఎంతోమంది. రోగిని వాళ్లెప్పుడూ చూడరు. అయినా, ఆ ఇంటి ఖర్చు కొంత వాళ్లు వేసే అంకెలోనే ఉంటుంది!